వేలు వంగితే మళ్ళీ లేవట్లేదా? ముందు అరచెయ్యి నొక్కి చూడండి

"పొద్దున లేవంగనే ఉంగరం వేలు పట్టేస్తది. ఇంకో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటది." ఇదే మీ బాధైతే అది చాలావరకు ట్రిగ్గర్ ఫింగరే.

టక్కుమనేది నడిమి కీలు దగ్గర, రోగం మాత్రం అక్కడ లేదు

అందుకే ఆ కీలుకు ఎంత బామ్ రుద్దినా ఫలితం ఉండదు. వేలు మొదట్లో, అరచేతి వైపు నొక్కండి. నొప్పితో పాటు చిన్న గడ్డ తగిలి, వేలు వంచినప్పుడు అది కదులుతుంటే కారణం దొరికినట్టే. వేలిని వంచే తాడులాంటి కండర భాగం (జనం నరం అంటారు గానీ నరం కాదు) అక్కడ ఒక బిగువైన వలయంలోంచి జారుతుంది. వలయం మందమై, తాడు ఉబ్బితే, సూది బెజ్జంలో ముడిపడ్డ దారంలా ఇరుక్కుంటుంది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీ ఆకు కత్తిరించేవాళ్ళు, వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాలు నేసేవాళ్ళు నేరం పని మీదే వేస్తారు. రోజంతా బిగించి పట్టే పని బాధను పెంచుతుంది, నిజమే. కానీ షుగర్ ఉన్నవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. షుగర్ ఎప్పుడూ చూపించుకోనివాళ్ళు ఈ వంకనైనా చూపించుకోండి.

పొద్దున బిగుసుకుంటుంది, ఇరుక్కోవడం తక్కువే

రాత్రి స్ప్లింట్ (వేలు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) కట్టుకుని కొన్ని వారాలు చూడండి. కత్తెర, కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. గుంజి టక్కుమనిపించడం మానేయండి.

రోజూ ఇరుక్కుంటోంది

వేలు మొదట్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఓపీలోనే అయిపోతుంది, సగం మందికి పైగా తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు దీని పనితనం తక్కువ, పైగా కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. షుగర్ ఉందని డాక్టర్‌కు ముందే చెప్పాలి, ఆ రోజుల్లో ఇంట్లో షుగర్ చూసుకోవాలి.

ఇంజెక్షన్ పనిచేయలేదు, లేదా ఇంకో చెయ్యి లేకుండా తెరుచుకోదు

ఆపరేషన్ అనగానే టెన్షన్ పడతారు. ఇక్కడ కోత అవసరం లేని పద్ధతి ఉంది. ఆ చోటుకే మత్తు ఇచ్చి, 18 గేజ్ సూది మొనతో చర్మం కింద ఆ వలయాన్ని తెంపుతారు. మీరు మెలకువతోనే ఉంటారు. బల్ల మీదే వేలు వంచి చూపమంటారు, ఇరుక్కోకపోతే పని అయినట్టు. కుట్లు లేవు, అడ్మిషన్ లేదు, చిన్న కట్టుతో ఇంటికి. ఆ రోజు నుంచే వేలు వంచి చాపుతుండాలి. కొన్ని వారాలు అక్కడ సలపరం ఉండొచ్చు.

అందరికీ ఇదే మంచిదనను. బొటనవేలు దగ్గర స్పర్శ నరం వలయానికి బాగా దగ్గరగా పోతుంది. అక్కడ చాలామంది సర్జన్లు చిన్న కోత పెట్టి కళ్ళతో చూస్తూ తెంపడానికే మొగ్గుతారు. అదీ లోకల్ మత్తుతో, అదే రోజు ఇంటికి పంపేదే. సూది పద్ధతిలో వలయం కొంత తెగకుండా మిగిలిపోయే అవకాశమూ ఉంది. కాబట్టి ఈ పని తరచూ చేసే ఎముకల డాక్టర్ కావాలి, ఆర్ఎంపీ కాదు.

ఇవి ట్రిగ్గర్ ఫింగర్ కాకపోవచ్చు

రాత్రిళ్ళు వేళ్ళకు తిమ్మిర్లు వస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. రెండు చేతుల కీళ్ళూ వాచి, బిగుసుకుంటే కీళ్ళవాతం పరీక్షలు చేయించాలి. వేలంతా ఎర్రగా వాచి, చాపితే ప్రాణం పోతున్నట్టుంటే లోపల చీము కావచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి గానీ, దగ్గర్లోని పెద్దాసుపత్రి గానీ, ఆ రోజే వెళ్ళాలి.

సూదికి వెళ్ళేటప్పుడు రక్తం పలచబడే మాత్రల చీటీ, తాజా షుగర్ రిపోర్టు వెంట పెట్టుకోండి. ఉంగరం ఇంట్లోనే తీసి వెళ్ళండి.