ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఆర్ వీడియో చూడటానికి తెరను సిద్ధం చేసుకోవడం

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు ప్రాంతాల్లో గది అద్దెకు తీసుకుని ఉంటున్న మన తెలుగువారిలో చాలామందికి టీవీ ఉండదు కనుక, ఓటీటీలోకి వచ్చిన సినిమా ఏదైనా ల్యాప్‌టాప్‌లోనే చూస్తారు. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్, అంటే వెలుగు చీకట్ల తేడాను మామూలు కన్నా ఎక్కువగా చూపే పద్ధతి) అని రాసి ఉన్న వీడియోను పెడితే బొమ్మ మరింత మెరవాల్సింది పోయి, వెలిసిపోయినట్టుగానో చీకటిగానో కనిపించిందన్న ఫిర్యాదు వారి నుంచి తరచూ వినిపిస్తుంది. ఇటువంటప్పుడు లోపం సాధారణంగా వీడియోలో ఉండదు. తెర ఇవ్వగలిగిన వెలుగుకూ మనం పెట్టిన సెట్టింగుకూ పొంతన కుదరకపోవడమే కారణం.

అందుచేత మొదట తెలుసుకోవలసింది తెర సామర్థ్యం. మామూలు వీడియోను, అంటే ఎస్‌డీఆర్‌ను, సుమారు 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగును ప్రమాణంగా పెట్టుకుని తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ వీడియోను ఎక్కువగా 1000 నిట్లకు, కొన్నిటిని 4000 నిట్లకు తయారుచేస్తారు. మధ్యరకం ధరలో దొరికే ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఒక రకం) తెరలు చాలావరకు 300 నుంచి 400 నిట్లు మాత్రమే ఇస్తాయి. పైగా వాటిలో వెనుక దీపం తెరంతటికీ ఒక్కటిగా పనిచేస్తుంది కాబట్టి, ఒక మూల వీధిదీపం వెలగాలంటే పక్కనున్న చీకటి కూడా బూడిదరంగుకు తిరుగుతుంది. తెరల నాణ్యతకు ఇచ్చే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్ర ఉన్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఆ స్థాయికి లోకల్ డిమ్మింగ్ (వెనుక దీపాన్ని భాగాలుగా విడివిడిగా తగ్గించడం) తప్పనిసరి కాదు. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది, ఆరుతుంది. అటువంటి తెరలకు ఇచ్చే ట్రూ బ్లాక్ ముద్రలో నలుపు 0.0005 నిట్లను మించకూడదన్న నియమం ఉంది. గరిష్ఠ వెలుగు అంకె కొంత తక్కువైనా, సినిమాకు నలుపు బాగున్న తెరే మేలని నా గట్టి అభిప్రాయం.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, హెచ్‌డీఆర్ అనే వరుసలో వెళితే రెండు మీటలు కనిపిస్తాయి. యూజ్ హెచ్‌డీఆర్ అన్నది డెస్క్‌టాప్‌తో సహా తెరనంతటినీ హెచ్‌డీఆర్‌లోకి మారుస్తుంది. హెచ్‌డీఆర్ వీడియో స్ట్రీమింగ్ అన్నది వీడియోకు మాత్రమే వర్తిస్తుంది. ఓఎల్ఈడీ లేదా మినీ ఎల్ఈడీ (వెనుక చిన్న దీపాలు ఎన్నో ఉండే) తెర ఉన్నవారు సినిమా వేళకు మొదటిదాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. విండోస్, ఆల్ట్, బీ మీటలు కలిపి నొక్కితే అది ఆన్, ఆఫ్ అవుతుంది. సాధారణ ఐపీఎస్ తెర ఉన్నవారు దాన్ని ఆపి, రెండోది మాత్రమే ఆన్ చేసి, వీడియోను ఫుల్ స్క్రీన్‌లో చూడటం మంచిది. అలా చూసినా బొమ్మ నచ్చకపోతే అదే సినిమాను ఎస్‌డీఆర్‌లో చూడటమే సరైన నిర్ణయం; బలహీనమైన తెర మీద బలవంతపు హెచ్‌డీఆర్ కన్నా చక్కని ఎస్‌డీఆర్ ఎంతో నయం.

తెరకు తగ్గట్టు హెచ్‌డీఆర్‌ను సరిచేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో విండోస్ హెచ్‌డీఆర్ క్యాలిబ్రేషన్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అది చూపే గళ్ల గుర్తు కనీకనిపించకుండా మాయమయ్యే చోట స్లైడర్‌ను ఆపాలి. చివర్లో రంగుల గాఢత పెంచమని ఊరించే స్లైడర్‌ను మాత్రం కదపకుండా వదిలేయండి. పెంచితే మనుషుల ముఖాలు ఎర్రబడతాయి.

ఈ పనిని సినిమా చూసే గదిలోనే, చూసే వేళలోనే చేయాలి, ఎందుకంటే హెచ్‌డీఆర్ వీడియోల్లో ఎక్కువగా వాడే హెచ్‌డీఆర్10 పద్ధతిలో వెలుగు లెక్క నిట్లలో ముందే నిర్ణయమై ఉంటుంది. దర్శకుడు చీకటిగా ఉంచిన దృశ్యం ట్యూబ్‌లైటు కింద ఇంకా చీకటిగా కనిపిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి తెర సెట్టింగులతో కుస్తీ పట్టడం కన్నా లైటు ఆర్పి, కిటికీ తెర దించడం మేలు. మెరిసే ఓఎల్ఈడీ తెరలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. తెరను పసుపురంగుకు తిప్పే నైట్ లైట్‌ను ఆపండి. వీడియోలోని బొమ్మను బట్టి వెలుగును మార్చే సెట్టింగును కూడా ఆపండి, లేకపోతే చీకటి దృశ్యం రాగానే తెర తనంతట తానే మరింత మసకబారుతుంది. ఛార్జర్ పెట్టే ఉంచండి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీకి మారగానే విండోస్ హెచ్‌డీఆర్‌ను ఆపేసే వీలుంది. దీనికి సంబంధించిన ఎంపిక కూడా ఆ హెచ్‌డీఆర్ పేజీలోనే ఉంటుంది.

2021 నుంచి వచ్చిన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో ఇంత శ్రమ లేదు. ఆ తెర హెచ్‌డీఆర్‌లో నిలకడగా 1000 నిట్లు, గరిష్ఠంగా 1600 నిట్లు ఇస్తుంది కనుక, మొదటి నుంచీ ఉన్న ప్రీసెట్‌నే (ముందే కూర్చిన తెర సెట్టింగును) ఉంచి, తెర రంగును మార్చే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపితే చాలు. హెచ్‌డీఆర్ వీడియో అనే ప్రీసెట్ పూర్తిగా చీకటి చేసిన గదికే తగినది. అందులో బ్రైట్‌నెస్ మీటలు పనిచేయవు.

ఇంత చేసినా వచ్చే వీడియో నిజంగా హెచ్‌డీఆరేనా అని చూసుకోవాలి. యూట్యూబ్‌లో క్వాలిటీ మెనూలో అంకె పక్కన హెచ్‌డీఆర్ అని ఉండాలి. నెట్‌ఫ్లిక్స్‌కు ప్రీమియం ప్లాన్ కావాలి. విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ గానీ నెట్‌ఫ్లిక్స్ యాప్ గానీ వాడాలి. రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందన్నది) ఎంచుకునే వీలుంటే 120 హెర్ట్జ్ పెట్టండి: సెకనుకు 24 ఫ్రేములుండే సినిమాలో ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు కనిపించి, కెమెరా పక్కకు తిరిగేటప్పుడు కుదుపు తగ్గుతుంది.

చివరగా సబ్‌టైటిళ్లు. ఓఎల్ఈడీ మీద, చీకటి గదిలో, తెల్లని అక్షరాలు కళ్లను గుచ్చుతాయి. కన్నడ, మలయాళ సినిమాలను సబ్‌టైటిళ్లతో చూసేవారు ఓటీటీ సెట్టింగులలో అక్షరాల రంగును బూడిదరంగుకు మార్చుకుంటే, రెండున్నర గంటల సినిమాను కళ్లు అలసిపోకుండా చూడవచ్చు.