నీటికాసుల చికిత్స: ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో ఏ ఖర్చు ఎవరు భరిస్తారు, అనుమతి ఎలా తీసుకోవాలి

వైద్యులు గ్లాకోమా అనీ, మన పెద్దలు నీటికాసులు అనీ పిలిచే ఈ జబ్బులో ఒకసారి పోయిన చూపు ఇక తిరిగి రాదు. కంటిలోని ఒత్తిడిని తగ్గించి, కంటి నరం మరింత దెబ్బతినకుండా కాపాడి, మిగిలి ఉన్న చూపును నిలబెట్టడమే ఇక్కడ చికిత్స లక్ష్యం. అందుకే దీని ఖర్చును శుక్లాల ఖర్చులాగా లెక్క వేయడం పొరపాటు. శుక్లానికి ఒక ఆపరేషన్, ఒక బిల్లు, కొన్ని వారాల మందులతో వ్యవహారం ముగుస్తుంది. నీటికాసులకు మాత్రం జీవితాంతం చుక్కల మందు, ఏటా కొన్నిసార్లు పరీక్షలు, కొందరికి లేజర్, మరికొందరికి ఆపరేషన్ అవసరమవుతాయి. పేదల కోసం ఉన్న ప్రభుత్వ పథకాలు ప్రధానంగా ఆపరేషన్ వంటి ఆసుపత్రి చికిత్స ఖర్చునే భరిస్తాయి. చుక్కలూ, పరీక్షలూ చాలావరకు కుటుంబం మీదే పడతాయి. ఈ తేడా తెలియక, కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండి, ఆపరేషన్ తరువాత మందులు కొనలేక మానేసేవారి విషయమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. కాబట్టి ఏ పథకం ఎంతవరకు వస్తుందో చికిత్స మొదలుపెట్టే ముందే తెలుసుకోవాలి.

మీరు ఏ పథకం కిందికి వస్తారు

ఆంధ్రప్రదేశ్‌లో వార్షికాదాయం 5 లక్షల రూపాయల లోపు ఉన్న కుటుంబాలకు, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ పథకం వర్తిస్తుంది. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో ఒక్కో కుటుంబానికి భరించే చికిత్స ఖర్చు పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు నగదు రహిత చికిత్స లభిస్తుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇదే పథకం కింద వయ వందన కార్డు ఇస్తున్నారు. నీటికాసులు వయసుతో పాటు పెరిగే జబ్బు గనుక, రేషన్ కార్డు లేని మధ్యతరగతి వృద్ధులకు ఇది నిజంగా పనికివచ్చే కార్డు. ఆధార్ ఉంటే నమోదు చేయించుకోవచ్చు.

ఈ పరిమితుల గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఇంకెవరికైనా గుండె ఆపరేషన్ అవసరమైతే డబ్బు మిగలదేమోనన్న భయంతో కంటి ఆపరేషన్‌ను వాయిదా వేసే కుటుంబాలు ఉన్నాయి. నీటికాసుల ఆపరేషన్‌కు పథకాలు చెల్లించే మొత్తం వేలల్లోనే ఉంటుంది కాబట్టి, లక్షల్లో ఉన్న పరిమితి దానితో తరిగిపోదు. ఈ భయంతో ఆలస్యం చేయడం వలన పోయేది చూపే.

జీతగాళ్ల విషయం వేరు. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి, వేతనం నుంచి 0.75 శాతం ఈఎస్‌ఐకి చెల్లిస్తున్న కార్మికులు ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ద్వారా వెళ్లాలి. అక్కడ బయటి రోగిగా చూపించుకోవడం, మందులు తీసుకోవడం కూడా పథకంలో భాగమే. మాజీ సైనికులు తమకున్న ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకపు పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ ఉన్న సీజీహెచ్‌ఎస్‌లో ధరల లెక్క కొంచెం వివరంగా తెలుసుకోవలసినది గనుక దాన్ని విడిగా చెబుతాను.

ముందు చికిత్స పేరు తెలుసుకోండి

ఏ పథకమైనా జబ్బు పేరును బట్టి కాక, చేసే చికిత్స పేరును బట్టి డబ్బు చెల్లిస్తుంది. అందువల్ల డాక్టరు ఆపరేషన్ అనగానే కౌంటర్ దగ్గరకు పరుగెత్తకుండా, ఏ కంటికి, ఏ చికిత్స చేస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. కంటి లోపలి నీరు బయటకు పోయే కోణం మూసుకుపోయే రకం జబ్బులో నల్లగుడ్డులోని రంగు పొరకు (ఐరిస్‌కు) లేజర్‌తో సన్నని రంధ్రం చేస్తారు; దీనికి కొద్ది నిమిషాలు చాలు, ఆసుపత్రిలో పడుకోవలసిన పని లేదు. కోణం తెరుచుకునే ఉన్న రకంలో, నీరు వడకట్టే జల్లెడ వంటి భాగం మీద ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ చేయవచ్చు. చుక్కలతోనూ లేజర్‌తోనూ ఒత్తిడి అదుపులోకి రానివారికి ట్రాబెక్యులెక్టమీ చేస్తారు. అంటే కంటి తెల్లగుడ్డులో ఒక చిన్న దారి తీసి, నీరు పై పొర కిందికి చేరేలా చేస్తారు. అది విఫలమైనవారికి, లేదా విఫలమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి కవాటం గానీ గొట్టం గానీ అమరుస్తారు. చూపు దాదాపు పోయి, నొప్పి మాత్రం మిగిలిన కంటికి డయోడ్ లేజర్ చేస్తారు.

ఖర్చు విషయంలో వీటి మధ్య తేడా చాలా ఉంది. లేజర్లలో ప్రధాన ఖర్చు యంత్రానిది. కవాటం అమర్చినప్పుడు ఆ పరికరం ధరే పెద్ద అంశమవుతుంది. దిగుమతి అయ్యే అహ్మద్ కవాటం ఉంది. మధురైలోని ఆరోల్యాబ్ తయారు చేసే ఆది అనే దేశీయ పరికరం దానికంటే బాగా తక్కువ ధరకు దొరుకుతుంది. మీ డాక్టరు ఏది అమర్చబోతున్నారో, దాని ధర ప్యాకేజీలో, అంటే ఆ చికిత్సకు పథకం కట్టే మొత్తంలో, కలిసి ఉందో, విడిగా కట్టాలో ముందే అడగడంలో మొహమాటం అక్కరలేదు. శుక్లమూ నీటికాసులూ కలిపి ఒకేసారి ఆపరేషన్ చేస్తున్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం: అనుమతి కేవలం శుక్లానికే తీసుకున్నారా, రెండూ కలిసిన ఆపరేషన్‌కు తీసుకున్నారా, అమర్చే లెన్సు ఏది అన్నవి ముందే తేల్చుకోవాలి. ప్యాకేజీలో ఇచ్చే లెన్సు వద్దని ఖరీదైనది కోరుకుంటే, ఆ కోరిక వలన పడే భారం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి.

అనుమతి వచ్చే క్రమం

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ భారత్ పథకాల నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో సహాయ కేంద్రం ఉంటుంది; అక్కడ ఉండే వ్యక్తిని సాధారణంగా ఆరోగ్యమిత్ర అంటారు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన సరిపోదు, కంటి విభాగానికి కూడా దానికి గుర్తింపు ఉండాలి. కాబట్టి బయలుదేరే ముందు 104కు గానీ, ఆయుష్మాన్ భారత్ అయితే 14555కు గానీ ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు పథకం కార్డు లేదా రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు, వాడుతున్న చుక్కల సీసాలు తీసుకువెళ్లండి. ఆధార్‌లో పేరు ఒక రకంగా, కార్డులో మరొక రకంగా ఉండటం వలన ఆగిపోయే కేసులు తక్కువేమీ కావు. ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే వాటిని సరిదిద్దించుకోవడం మంచిది.

డాక్టరు పరీక్షించిన తరువాత ఆసుపత్రి మీ వివరాలు, కంటి ఒత్తిడి కొలత, దృష్టి క్షేత్ర పరీక్ష (చుట్టుపక్కల చూపు ఎంత ఉందో చూసేది), కంటి నరం చిత్రం వంటి ఆధారాలను జతచేసి ముందస్తు అనుమతి కోసం పంపుతుంది. ఈ ఆధారాలు సరిగా లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది గనుక, వేరే ఆసుపత్రిలో చేయించిన పాత రిపోర్టులను పారేయకుండా దాచుకోవడం మీకే ఉపకరిస్తుంది. రెండు కళ్లకూ ఆపరేషన్ అవసరమైతే సాధారణంగా వేర్వేరు రోజుల్లో చేస్తారు. వచ్చిన అనుమతి ఏ కంటికో కాగితంలో చూసుకోండి. అనుమతి వచ్చిన తరువాత ఆ ఆపరేషన్ కోసం మందులు బయట కొనుక్కురమ్మనడం గానీ, అడ్వాన్సు కట్టమనడం గానీ నగదు రహిత పథకాల నిబంధనలకు విరుద్ధం. ఆయుష్మాన్ భారత్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తరువాత 15 రోజుల ఖర్చులు కూడా ప్యాకేజీలోనే వస్తాయి. ట్రాబెక్యులెక్టమీ తరువాత మొదటి రెండు వారాల్లోనే తరచుగా చూపించుకోవలసి ఉంటుంది గనుక ఈ 15 రోజులను పూర్తిగా వినియోగించుకోవాలి.

ఒక విషయంలో మాత్రం అనుమతి కోసం ఆగకూడదు. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ ఇంద్రధనుస్సు వలయాలు, చూపు మసక ఒకేసారి వస్తే అది కోణం హఠాత్తుగా మూసుకుపోయిన స్థితి కావచ్చు. కొన్ని గంటల్లోనే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి, కార్డు ఇంట్లో ఉన్నా లేకున్నా వెంటనే దగ్గరి కంటి ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసర కేసుల్లో ముందు చికిత్స మొదలుపెట్టి, తరువాత కాగితాలు పూర్తిచేసే ఏర్పాటు ఈ పథకాల్లో ఉంది.

సీజీహెచ్‌ఎస్ ధరల లెక్క

సీజీహెచ్‌ఎస్ లబ్ధిదారులు వెల్‌నెస్ సెంటర్ (సీజీహెచ్‌ఎస్ డిస్పెన్సరీ) నుంచి రిఫరల్ తీసుకుని గుర్తింపు పొందిన ఆసుపత్రికి వెళతారు. పెన్షనర్లకు అక్కడ నగదు రహిత చికిత్స లభిస్తుంది. సర్వీసులో ఉన్నవారు సాధారణంగా ముందు బిల్లు కట్టి తమ శాఖ నుంచి తిరిగి పొందుతారు. బిల్లును డిశ్చార్జి అయిన 6 నెలల లోపు సమర్పించాలి.

2025 అక్టోబరు 13 నుంచి కొత్త ధరలు అమలులోకి వచ్చాయి. నగరం స్థాయిని బట్టి ధర మారుతుంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు లేని ఆసుపత్రికి, గుర్తింపు ఉన్నదానికంటే 15 శాతం తక్కువ వర్తిస్తుంది. సెమీ ప్రైవేటు వార్డు ధరను ఆధారంగా తీసుకుని జనరల్ వార్డుకు 5 శాతం తగ్గిస్తారు, ప్రైవేటు వార్డుకు 5 శాతం పెంచుతారు. అయితే డాక్టరు ఫీజు, పరీక్షలు, ఆసుపత్రిలో చేరనవసరం లేని చిన్న చికిత్సలకు వార్డుతో సంబంధం లేకుండా ఒకటే ధర. నీటికాసుల లేజర్లు ఈ కోవలోకే వస్తాయి కాబట్టి, మీ వార్డు అర్హత ఏదని కౌంటర్‌లో అడిగి ఎక్కువ వేస్తే ప్రశ్నించవచ్చు.

ప్యాకేజీ ధరలో ఆపరేషన్ థియేటర్, మత్తు, డాక్టర్ల ఫీజులు, మందులు, వాడి పారేసే సామగ్రి అన్నీ కలిసి ఉంటాయి. శరీరంలో అమర్చే పరికరం ధర మాత్రం సీజీహెచ్‌ఎస్ నిర్ణయించిన పరిమితి మేరకు విడిగా వస్తుంది. అందుకని కవాటం అమర్చినప్పుడు దాని ఇన్‌వాయిస్‌నూ, పెట్టె మీది స్టిక్కర్‌నూ తప్పక తీసుకోండి. డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే) చికిత్సలకు ప్యాకేజీ కాలం ఒక్క రోజే గనుక ఆ తరువాతి సందర్శనలు అందులో కలవవు. జాబితాలో లేని చికిత్సను డాక్టరు సూచిస్తే, చేయించుకోకముందే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. తరువాత అడిగితే డబ్బు రావడం కష్టం. ఈసీహెచ్‌ఎస్ చెల్లింపులకు కూడా ఈ సీజీహెచ్‌ఎస్ ధరలే ఆధారం.

ఆపరేషన్ తరువాత మిగిలే ఖర్చు

పేదల పథకాలు తక్కువగా ఆదుకునేదీ, రోగిని దీర్ఘకాలం వెంటాడేదీ ఈ భాగమే. ఆయుష్మాన్ భారత్‌లో బయటి రోగి ఖర్చులు రావు. కంటి ఒత్తిడి కొలవడం, కోణం పరీక్ష, దృష్టి క్షేత్ర పరీక్ష, కంటి నరాన్ని చూసే ఓసీటీ స్కాన్ మాటిమాటికీ చేయవలసి ఉంటుంది. వీటికి ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బు పెట్టలేనివారు హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి గానీ, విశాఖపట్నం, కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులకు గానీ వెళ్లవచ్చు. దూరం ఎక్కువైనవారు జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో ఒత్తిడి కొలిపించుకుంటూ, దృష్టి క్షేత్ర పరీక్షకు మాత్రం పెద్ద ఆసుపత్రికి వెళ్లే ఏర్పాటు చేసుకోవచ్చా అని డాక్టరును అడగండి.

చుక్కల మందుల్లో టిమోలాల్, లాటానోప్రాస్ట్ రెండూ 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి, కనుక వాటికి ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ ధర ఉంటుంది. డాక్టరును మందు అసలు పేరు రాయమని అడిగి, జన ఔషధి దుకాణంలో దొరుకుతుందేమో చూడండి. ఉబ్బసం ఉన్నవారు టిమోలాల్ వాడే ముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చవక అని తమంతట తామే ఆ మందుకు మారకూడదు. సీజీహెచ్‌ఎస్ వారికి ఇలాంటి దీర్ఘకాలిక జబ్బుల మందులు ఒకేసారి 3 నెలల వరకు ఇస్తారు, కానీ సీసా మూత తీసిన తరువాత ఎన్ని వారాలు వాడవచ్చో దాని మీద రాసి ఉంటుంది. ఆ గడువు దాటాక చుక్క మిగిలినా పారేయాలి. ఇంటి బడ్జెట్లో నెలనెలా బియ్యానికి తీసి పెట్టినట్టే ఈ సీసాకూ డబ్బు తీసి పెట్టమని నా సలహా, ఎందుకంటే మందు మానేసినప్పుడు నొప్పి రాదు, మానేసిన సంగతి కన్ను చాలా ఆలస్యంగా చెబుతుంది.

మీ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో 40 ఏళ్లు దాటినవారిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి; రక్తసంబంధీకులకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. చుక్కలతో ఆగే దశలోనే పట్టుకుంటే వారికి ఆపరేషన్ ఖర్చు ప్రసక్తే రాకపోవచ్చు.

డబ్బు అడిగితే

నగదు రహిత చికిత్సలో ఎవరైనా డబ్బు అడిగితే వాగ్వాదానికి దిగకుండా, ఎంత, దేనికి అన్నది రసీదు రూపంలో ఇమ్మని అడగండి. తరువాత ఆరోగ్యమిత్రకు చెప్పండి. అక్కడ పరిష్కారం కాకపోతే 104 లేదా 14555కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసి పెట్టుకోండి. సీజీహెచ్‌ఎస్ వారు తమ నగర అదనపు డైరెక్టర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫిర్యాదుకు అనుమతి పత్రం, డిశ్చార్జి సమ్మరీ, రసీదుల నకళ్లు జతచేసి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. తరువాతి కంటికి ఆపరేషన్ అవసరమైన రోజున డాక్టరు ముందుగా అడిగేది ఆ డిశ్చార్జి సమ్మరీనే.