మిరుగం లోపే చూసుకోండి: పాత జాగ్వార్, ల్యాండ్ రోవర్ బండ్లకు వానకాలం జాగ్రత్తలు

గోదావరిఖనిలో ఉండే మా చిన్నాన్న కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ల్యాండ్ రోవర్ వాళ్ల ఎవోక్ ఒకటి అగ్గువకు వస్తోంది. ఢిల్లీ బండి, 2015 మోడల్. మిరుగం లోపు తెచ్చుకుంటే ఈ వానల్లో ధీమాగా తిరగొచ్చు. ఏమంటవ్?" అడ్వాన్స్ పంపకముందే అడిగినందుకు సంతోషపడి, ఒక్క వారం ఆగమన్నాను. ఆ వారం రోజులూ వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. కొనాలనుకునేవాళ్లకూ, ఇప్పటికే ఇంటి ముందు పెట్టుకున్నవాళ్లకూ పనికొస్తాయి.

నేను హనుమకొండలో ఆరేళ్లుగా 2013 నాటి జాగ్వార్ ఎక్స్ఎఫ్ 2.2 డీజిల్ నడుపుతున్నాను. ఆ బండంటే నాకు ప్రాణం. హైదరాబాద్ హైవే మీద అది పోయే తీరు ఎన్నేళ్లయినా కొత్తగానే ఉంటుంది. ఇలాంటి బండ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంజిన్ గురించి భయపడతారు. భయపడాల్సిందే. కానీ మన దగ్గర నేను చూసినంతలో వీటిని ఎక్కువగా దెబ్బతీసేది నీళ్లు. రోడ్డు మీద పారే నీళ్లు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి ఆగుతాం. చప్పుడు లేకుండా బండి లోపలికి దిగే నీళ్లు మాత్రం వాసన వచ్చేదాకా తెలియవు.

నాకు అలాగే తెలిసింది. మా ఇంటి ముందు కానుగ చెట్టు ఉంది. ఎండాకాలమంతా దాని నీడలోనే బండి పెట్టాను. ఎండ తగలదని మురిసిపోయాను. కానుగ పూత రాలి సన్‌రూఫ్ గాడిలో పేరుకుందని చూడలేదు. జులైలో మూడు రోజులు ముసురు పట్టింది, బండి తీయలేదు. నాలుగో రోజు డోర్ తెరిస్తే తడి గోనెసంచి వాసన. డ్రైవర్ కాళ్ల కింద కార్పెట్ నొక్కితే నీళ్లు ఊరాయి. స్టార్ట్ చేయగానే గేర్‌బాక్స్ ఫాల్ట్, పార్కింగ్ బ్రేక్ ఫాల్ట్, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ మాడ్యూల్ (దాన్ని నడిపే కంప్యూటర్ డబ్బా) పోయిందన్నారు, లక్ష దాటిన ఎస్టిమేట్ ఇచ్చారు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక కార్ ఎలక్ట్రీషియన్ సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి, కింద ఉన్న కనెక్టర్లు తుడిచి, రెండు రోజులు ఆరబెట్టాడు. లైట్లన్నీ పోయాయి. "అన్నా, మాడ్యూల్ మంచిగనే ఉంది, దాని కాళ్లకు తడి తగిలింది అంతే" అన్నాడు. అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కాబట్టి మొదటి పని ఇదే, మిరుగం కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారం లోపే చేయండి. సన్‌రూఫ్ పూర్తిగా తెరిస్తే గాడి మూలల్లో చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చెత్త తుడిచేసి ఒక్కో రంధ్రం దగ్గర చిన్న గ్లాసుతో నీళ్లు నెమ్మదిగా పోయండి. కాసేపట్లో ఆ నీళ్లు బండి కింద నేల మీద పడాలి. పడకపోతే గొట్టం మూసుకుపోయినట్టే. గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాన్ దారం లాంటి మెత్తటి తీగను మెల్లగా తోసి శుభ్రం చేయాలి. పంక్చర్ షాపులో ఎయిర్ కొట్టించొద్దు. ఆ ఒత్తిడికి గొట్టం లోపల కీలు దగ్గర ఊడిందంటే, ఆ తర్వాత ప్రతి వానా మీ కార్పెట్‌లోకే వస్తుంది. మొదటి తరం ఎవోక్ పైన ఉండే పెద్ద అద్దం తెరుచుకోదు. అందులో అద్దం చుట్టూ ఉన్న సీలు చూడాలి. ఏ బండిలోనైనా బానెట్ ఎత్తి, వైపర్ల కింద గాడిలో ఆకులు తీసేయాలి. ఏసీ నడిచేటప్పుడు బండి కింద నీటి చుక్కలు పడటం ఆగితే ఆ డ్రెయిన్ కూడా మూసుకుపోయిందని అర్థం. వానలు మొదలయ్యాక వారానికోసారి నాలుగు మ్యాట్లూ ఎత్తి కార్పెట్‌ను చేత్తో నొక్కి చూడండి, డిక్కీలో స్టెపినీ గుంత కూడా. ఎక్స్ఎఫ్‌లో బ్యాటరీ అక్కడే డిక్కీలో ఉంటుంది.

రోడ్డు మీద నీళ్ల విషయానికి వస్తే, 2023 జులై వానలను మన వైపు ఎవరూ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. వరంగల్‌లో నయీంనగర్ నాలా, బొందివాగు పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి రోజు "నాది ల్యాండ్ రోవర్ కదా" అని దిగేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. కంపెనీ చెప్పిన లోతు మొదటి ఎవోక్‌కు 500 మిల్లీమీటర్లు, డిస్కవరీ స్పోర్ట్‌కు 600, పెద్ద రేంజ్ రోవర్‌కు 900. అవి సీళ్లన్నీ బాగున్న కొత్త బండికి, నిలకడ నీటిలో నడక వేగంతో పోయినప్పుడు చెప్పిన కొలతలు. పదేళ్ల బండికి, పారే నీటికి, ఎదురుగా వచ్చే లారీ లేపే అలకు ఆ లెక్క పనిచేయదు. జాగ్వార్ సెడాన్‌తోనైతే వరంగల్ శివనగర్ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచిన రోజు అటు పోనే పోవద్దు. చుట్టూ తిరిగి పోతే పోయేది పావుగంట.

ఒకవేళ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే, స్టార్ట్ బటన్ మీద చేయి వేయొద్దు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా క్రాంక్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అక్కడితో ఇంజిన్ కథ ముగుస్తుంది. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో ఈ నష్టానికి చాలాసార్లు డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. బండి వయసు పెరిగితే కొన్ని కంపెనీలు దాన్ని ఇవ్వవు కాబట్టి వానలకు ముందే అడిగి రాయించుకోండి. బండిని తాడు కట్టి గుంజొద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవి నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్ బెడ్ మీదే పోవాలి. బ్యాటరీ పడిపోతే గేరు పార్క్‌లోనే ఇరుక్కుంటుంది. దాన్ని చేత్తో విడిపించే ఏర్పాటు ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో చదివి, ఒకసారి కళ్లతో చూసుకోండి. వానలో, చీకట్లో వెతుక్కునే పని కాదు అది.

ఇక కొనడం సంగతి. మా తమ్ముడికి వచ్చిన ఢిల్లీ బండి ఎందుకంత అగ్గువ? ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు నడిచాయి. అందుకని అక్కడి ఓనర్లు వయసు మీద పడ్డ బండ్లను దూర రాష్ట్రాలకు వదిలించుకుంటూ వచ్చారు. అంతమాత్రాన బండి చెడ్డదని అనను. అయితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి వచ్చేదాకా రూపాయి ఇవ్వొద్దు. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద వేసేది కాదు, బండి కొత్తప్పటి ధరనూ వయసునూ బట్టి వేస్తారు. యాభై లక్షల బండి పది లక్షలకు దొరికినా పన్ను యాభై లక్షల బండిదే. ముందే ఆర్టీఏ ఆఫీసులో లెక్క కట్టించుకోండి. లోన్ తీరిందా అన్నది పరివాహన్ సైట్‌లో హైపోథికేషన్ గడిలో చూస్తే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించుకోవాలి.

కాగితాల కంటే పెద్ద భయం, మునిగిన బండి. 2015 చెన్నై, 2020 హైదరాబాద్ వరదల తర్వాత ఇన్సూరెన్స్ వేలంలో అమ్ముడైన ఖరీదైన కార్లు మెరుపు తెచ్చుకుని మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. సీట్ బెల్టును చివరిదాకా గుంజి చూడండి, బురద మరక అక్కడ దాక్కుంటుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో సన్నటి మట్టి, లోపల ఘాటైన సెంటు వాసన కనిపిస్తే ఆ బండిని వదిలేయండి. ఎంత అగ్గువైనా సరే. క్లెయిమ్ హిస్టరీ కూడా అడగండి. పాత పాలసీ మీద ఎంత నో క్లెయిమ్ బోనస్ ఉందో చూస్తే కొంత అర్థమవుతుంది.

ఇంజిన్ మాట. నా బండిలోని 2.2 డీజిల్‌కు టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే బెల్టు) ఉంటుంది. కాలం ప్రకారం మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. ఆ తర్వాత వచ్చిన 2.0 లీటర్ల ఇంజీనియం డీజిల్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది సాగితే విప్పడమే పెద్ద పని. అందుకే ఆ బండిని పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి వినండి. మొదటి కొన్ని క్షణాల్లో గొలుసు గలగల వినిపిస్తే ఆలోచించాల్సిందే. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. 3.0 లీటర్ల వీ6 డీజిల్ నడుపుతుంటే మహా హాయి. కానీ క్రాంక్ షాఫ్ట్ విరిగిన బండ్లు ఆ ఇంజిన్‌లో ఉన్నాయి కాబట్టి ఆయిల్ సమయానికి మార్చిన రికార్డు లేనిదే నేనైతే ముట్టను. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రేంజ్ రోవర్, డిస్కవరీ 4 లాంటివైతే రాత్రంతా నిలిపిన బండిని తెల్లారి చూడాలి. ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతున్నట్టే. మామూలు స్కానర్‌తో సరిపెట్టొద్దు. కంపెనీ వాడే ఎస్‌డీడీ, కొత్త బండ్లకైతే పాత్‌ఫైండర్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట అన్ని మాడ్యూళ్లూ చదివించాలి. అందుకు హైదరాబాద్ పోయిరావాల్సి వచ్చినా పోవాలి.

కొన్నాక మన ఊళ్లో నడిపే తీరే ఈ డీజిళ్లకు సరిపడదు. ఇంటి నుంచి చౌరస్తా, చౌరస్తా నుంచి స్కూలు, మళ్లీ ఇల్లు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, చేరిన మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఆ పని సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే ముందు దెబ్బతినేవి టర్బో, చైన్. ఎవోక్, డిస్కవరీ స్పోర్ట్‌లలో ఈ బాధ ఎక్కువ. వానకాలంలో ట్రిప్పులు ఇంకా తగ్గిపోతాయి కాబట్టి వారానికోసారి, వాన లేని పూట, స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఒకే వేగంతో పోయి రండి. ఆయిల్ లెవల్ తగ్గిందా అన్నదే కాదు, పెరిగిందా అన్నది కూడా చూడండి. కంపెనీ గడువు ఎంత పొడుగున్నా పదివేల కిలోమీటర్లకో ఏడాదికో మార్చేయడమే నా పద్ధతి. డబ్బా మీద మీ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన ఆయిల్ రకం గుర్తు, ఎస్‌టీజేఎల్ఆర్ కోడ్, ఉండాలి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఈ బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

మే నెలలో 45 డిగ్రీల ఎండ తిన్న బండి జూన్‌లో వానలోకి దిగుతుంది. కూలెంట్ పైపుల్లో ప్లాస్టిక్ కీళ్లుంటాయి, ఎండకూ వేడికీ అవి పెళుసెక్కుతాయి. కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గుతుంటే నీళ్లు పోసుకుంటూ నెట్టుకురాకుండా ప్రెషర్ టెస్ట్ చేయించండి. బ్యాటరీ బలహీనపడితే ఈ బండ్లు లేని ఫాల్టులు చూపిస్తాయి. ముందు బ్యాటరీ పరీక్ష, తర్వాతే మిగతా రిపేర్లు. టైరు గోడ మీద నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైర్లతో తడి రోడ్డు మీద ఈ బరువును ఆపడం కష్టం. మంచిర్యాల, భూపాలపల్లి వైపు తిరిగేవాళ్లకు బొగ్గు దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది. దాన్ని వానలకు ముందే మార్చేయండి.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. బండి ధరలో పావు వంతు మొదటి ఏడాది ఖర్చుకు పక్కన పెట్టుకోలేకపోతే ఇప్పుడు కొనొద్దు. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను టాటా 2008లో కొన్నది కాబట్టి పార్టులు టాటా ధరలకే దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. దొరకవు. పైగా జాగ్వార్ సెడాన్లు ఎక్స్ఈ, ఎక్స్ఎఫ్ తయారీ 2024లో ఆగిపోయింది. పార్టులు వస్తున్నాయి, కానీ కొన్నింటికి వారాల తరబడి ఎదురుచూడాలి.

మా తమ్ముడు ఢిల్లీ బండి మానుకున్నాడు. ఎన్ఓసీ అడిగితే అమ్మేవాడు మాట మార్చాడట. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక డిస్కవరీ స్పోర్ట్ ఉందన్నాడు, ఒకే ఓనర్, బిల్లులన్నీ ఉన్నాయట. ఆదివారం పొద్దున ఆరింటికి ఇద్దరం అక్కడ ఉంటాం. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఆ ఓనర్‌కు ముందే చెప్పించాను.