భయానక చిత్రాన్ని చదవడం – 4వ పాఠం: తెలియనిదాని లెక్క

గత పాఠంలో ఒక సన్నివేశాన్ని షాట్లుగా విడదీసి, ఏ షాట్ ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకున్నాం. ఆ కాగితం మీద ఇప్పుడు మరొక నిలువు వరుస గీయండి. ఆ షాట్ ముగిసేసరికి ప్రేక్షకుడికి ఇంకా తెలియనిది ఏమిటో అందులో ఒక్క వాక్యంలో రాయాలి. రీమేకులు పాత చిత్రాల అభిమానులకు ఎందుకు రుచించవో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి కనిపించలేదు.

1963లో రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్'తో మొదలుపెడదాం. అందులో మూసిన తలుపు అవతల ఏదో బాదుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఒకచోట ఆ చెక్క తలుపే లోపలికి ఉబ్బుతుంది. కాని అవతల ఉన్నదేమిటో చిత్రం ముగిసేదాకా చూపరు. మీ వరుసలో 'తలుపు అవతల ఎవరు?' అన్న ప్రశ్న చివరి షాట్ వరకు కొట్టివేతకు గురికాదు. 1999లో వచ్చిన రీమేక్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఆ ఇంటి యజమాని ప్రేతాన్ని కళ్ళెదుట నిలబెట్టి, అతడు పిల్లలపై చేసిన ఘోరాలను కూడా వివరించింది. ఖర్చు పెరిగింది, వరుస ఖాళీ అయింది.

'హాలోవీన్' విషయంలోనూ ఇదే జరిగింది. 1978 నాటి చిత్రంలో ఆరేళ్ళ పిల్లవాడు అక్కను ఎందుకు చంపాడో చెప్పరు. 2007 నాటి చిత్రం అతడి బాల్యానికి, చెడిన కుటుంబానికి చాలా సమయం కేటాయించింది. కారణం తెలిసిన హంతకుడి మీద జాలి కలగవచ్చు గాని, పాత భయం నిలవదు.

అయితే ఏదీ మార్చకపోతే సరిపోతుందా? 1998లో 'సైకో'ను దాదాపు షాట్‌కు షాట్‌గా, రంగుల్లో మళ్ళీ తీశారు. 1960లో కథానాయిక సగం కథకు ముందే చనిపోతుందని ఊహించని ప్రేక్షకులు ఉండేవారు; 1998 నాటికి ఆ సంగతి చాలామందికి ముందే తెలుసు. షాట్లు అవే, వరుస మాత్రం మొదటి నుంచీ ఖాళీ.

నిలబడిన రీమేకులు కొత్త ప్రశ్నను తెస్తాయి. 1951 నాటి 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' చిత్రంలో ఒక జీవి మనుషుల మీద దాడి చేస్తుంది. 1982లో జాన్ కార్పెంటర్ అదే కథను మళ్ళీ తీసిన 'ది థింగ్'లో ఆ జీవి మనుషుల రూపమే ధరిస్తుంది కనుక, ఎదుట ఉన్నవాడు మనిషేనా అన్న సందేహం ప్రతి షాట్‌లోనూ రాయవలసి వస్తుంది.

ఈ వారం అభ్యాసానికి మీరు ఇంతవరకు చూడని ఒక పాత చిత్రాన్ని, దాని రీమేక్‌ను జంటగా ఎంచుకోండి. చిన్నప్పుడు చూసి వణికిన చిత్రమైతే, మీరు కొలిచేది దాన్నా మీ జ్ఞాపకాన్నా అన్నది తేల్చుకోలేరు. ఒకే సన్నివేశాన్ని రెండింటిలోనూ రాసి, పాతది దాచినదాన్ని కొత్తది మొదట బయటపెట్టిన షాట్ కింద గీత గీయండి. ఆ షాట్ తరువాత వరుసలో కొత్త ప్రశ్న ఏదైనా చేరిందా అన్నది చూసి, చేరితే దాన్ని వేరే సిరాతో రాయండి. వచ్చే పాఠంలో ఇదే కాగితం మీద శబ్దానికి మరొక వరుస గీస్తాం.