చెలకలో పందులు: మేత కంటే ముందు నీడ, నీళ్లు

హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, షాద్‌నగర్ వైపు నాలుగైదు పందులను ఆరుబయట పెంచాలనుకుంటే అన్నిటికన్నా ముందు ఎండ సంగతి చూసుకోవాలి. పందికి చెమట దాదాపు పట్టదు. ఒళ్లు తడిస్తేనే వేడి దిగుతుంది. తెల్ల యార్క్‌షైర్ జాతికైతే చర్మం కమిలిపోతుంది కూడా. వేప, కానుగ చెట్లున్న ఎర్ర చెలక మేలు. రేగడి నేల వానకు దిగబడుతుంది, గిట్టలు నాని పుండ్లు పడతాయి. చెట్లు లేకుంటే గడ్డి పందిరి వేయండి. రేకులే వేస్తే పైన గడ్డి కప్పాలి.

ఆ నీడలోనే, బోరుకు దూరంగా, అడుగు లోతు, ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవున బురదగుంట తవ్వండి. తాగే నీళ్లు వేరు. ఎండాకాలం ఎదిగిన పందికి రోజుకు 10–15 లీటర్లు, పాలిచ్చే తల్లికి 25–30 లీటర్లు కావాలి. తొట్టిలోకి దిగి పడుకోకుండా పైన అడ్డంగా పైపు బిగించండి. తొట్టి గంటల తరబడి ఎండితే, ఉప్పు మేత తిన్న పందులకు నీళ్లు దొరకగానే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలా ఎండినప్పుడు నీళ్లు కొద్దికొద్దిగానే పెట్టాలి.

నాలుగు పందులకు పది గుంటల (పావు ఎకరం) స్థలం తీసుకుని నాలుగు భాగాలు చేయండి. గడ్డి సగం పోగానే పక్క భాగంలోకి తోలాలి. ఆలస్యమైతే ముట్టెతో చెట్ల వేళ్లు తేల్చేస్తాయి, నట్టల (పేగు పురుగుల) గుడ్లూ పేరుకుంటాయి.

సోలార్ కంచెకు రెండు తీగలు చాలు: నేల నుంచి 20, 45 సెంటీమీటర్ల ఎత్తున. కొత్త పందికి షాక్ తగిలితే వెనక్కి కాదు, ముందుకు దూకుతుంది. కాబట్టి మొదటి వారం గట్టి జాలీ లోపలివైపు తీగ కట్టి అలవాటు చేయాలి. అవి తవ్విన మట్టి కింది తీగ మీద పడితే కరెంటు నేలకు పోతుంది, రోజూ చూడాలి. ఏప్రిల్‌లో నేల ఎండి షాక్ తగ్గుతుంది, ఎర్త్ కడ్డీ దగ్గర నీళ్లు పోయండి.

పది కిలోల దాణాకు మక్కపిండి ఐదున్నర కిలోలు, తవుడు రెండు, సోయా చెక్క రెండుంబావు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 50 గ్రాములు. బూజు పట్టిన చెక్క ముట్టుకోవద్దు.

నగరంలో హోటళ్ల మిగులు చవగ్గా దొరుకుతుంది, అసలు ప్రమాదమూ అక్కడే. పంది మాంసం కలిసిన మిగులుతో పందుల రోగాలు అంటుకోవచ్చు, అది అస్సలు వద్దు. మిగతాదాంట్లో ఎముకలు, పుల్లలు, ప్లాస్టిక్ ఏరి, కలుపుతూ అరగంట మరిగించి చల్లార్చి పెట్టండి. పచ్చి మిగులు తాకిన బకెట్‌ను మరిగించినదానికి వాడొద్దు. ఉప్పు ఎక్కువ కాబట్టి ఇది పెట్టినరోజు దాణాలో ఉప్పు మానేయండి.

పందులకు మనుషుల మలం అందితే బద్దెపురుగు పిల్లదశ వాటి మాంసంలో చేరుతుంది. పొలంలో మరుగుదొడ్డి తప్పనిసరి.

రెండు నెలలు దాటిన పంది పిల్లలకు స్వైన్ ఫీవర్ (పందులకు వచ్చే వైరస్ జ్వరం) టీకా వేయించండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరే రోగం, దానికి ఈ టీకా పనిచేయదు. జ్వరం, చెవులు ఊదారంగు, వరుస చావులు కనిపిస్తే ఒక్క పందినీ అమ్మొద్దు, తరలించొద్దు. వెంటనే పశువైద్యుడికి చెప్పి, రాకపోకలు ఆపండి.