ఉద్యోగి పన్ను, వ్యాపారి పన్ను: తగ్గింపులను ఎలా పోల్చాలి

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం నడిపే తమ్ముడూ, రావులపాలెం నుంచి అమలాపురానికి రోజూ ఉద్యోగానికి వెళ్లే అక్కా ఒకే ఇంటి బిడ్డలైనా, ఆదాయపు పన్ను చట్టం వారి ఖర్చులను ఒకే కొలతతో కొలవదు. తమ్ముడు బియ్యం, నెయ్యి, బెల్లం, కూలీ, అద్దె పోగా మిగిలిన దానిపైనే పన్ను కడతాడు. అక్క జీతంలోంచి మాత్రం, ఆమె నిజంగా ఎంత ఖర్చు పెట్టిందో అడగకుండా, స్టాండర్డ్ డిడక్షన్ అనే ఒక స్థిరమైన మొత్తాన్ని తీసివేసి పన్ను లెక్కిస్తారు. ఇది అన్యాయమా అన్నది కాగితం మీదే తేల్చుకోవాలి.

ముందుగా, సంపాదన కోసం తప్పనిసరైన ఖర్చులను మాత్రమే రాయండి. ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు ఇందులోకి రావు, ఎందుకంటే వ్యాపారి కూడా వాటిని చూపకూడదు. దుకాణం బండిని ఇంటి పనులకు వాడితే ఆ మేరకు ఖర్చు కొట్టివేయవలసిందే. ఉద్యోగికి అన్యాయం జరుగుతోందనే చాలామంది వాదన ఇక్కడే దారి తప్పుతుంది. అక్కకు పెట్రోలుకు నెలకు 3,500 చొప్పున ఏడాదికి 42,000, ఫోనుకు 6,000, వృత్తి పుస్తకాలకు, శిక్షణకు 10,000 అయ్యాయనుకుంటే మొత్తం 58,000 రూపాయలు. పన్ను లెక్కకు ఉన్న రెండు విధానాల్లో, తక్కువ రేట్లు, కొద్ది మినహాయింపులు ఉండే కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కనుక ఆమెకు నష్టం లేదు. ఎక్కువ మినహాయింపులు ఉండే పాత విధానంలో అది 50,000 మాత్రమే కనుక 8,000 లోటు. పైగా 2025-26లో కొత్త విధానం కింద 12.75 లక్షల వరకు జీతం తప్ప వేరే ఆదాయం లేనివారికి పన్నే పడదు.

అయితే అసలు తేడా కాలంతో బయటపడుతుంది. నెయ్యి ధర పెరిగిన రోజే తమ్ముడి తగ్గింపు దానంతటదే పెరుగుతుంది, అక్క మాత్రం బడ్జెట్ కోసం ఎదురుచూడాలి. 2018లో 40,000 రూపాయల డిడక్షన్ ఇచ్చినప్పుడు ప్రయాణ భత్యంపై 19,200, వైద్య ఖర్చులపై 15,000 రూపాయల మినహాయింపులను తీసివేశారు. అంటే నికరంగా కలిసివచ్చింది 5,800 మాత్రమే. తర్వాత 2019లో 50,000, కొత్త విధానంలో 2024లో 75,000 అయింది. నా దృష్టిలో సరిదిద్దవలసింది ఈ జాప్యమే.

తమ్ముడి వైపు భారాన్నీ అదే కాగితంపై రాయండి. ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చు చెల్లదు. అతనికి స్టాండర్డ్ డిడక్షనూ లేదు. మరోవైపు, 2 కోట్ల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారి అంచనా పద్ధతి ఎంచుకుంటే, డిజిటల్ వసూళ్లపై కనీసం 6 శాతం, నగదుపై 8 శాతం లాభం చూపితే ఖర్చుల చిట్టా అడగరు. 60 లక్షల అమ్మకాలన్నీ డిజిటల్‌గా వస్తే ఆ కనీసం 3.6 లక్షలే, అసలు లాభం అంతకు మించితే మించినదంతా చూపవలసి ఉన్నా, పూర్తి జీతం యజమాని పత్రాల్లోనే నమోదయ్యే ఉద్యోగికి అలాంటి వెసులుబాటు లేదు.

పోలిక ముగిశాక ఉద్యోగి రెండు పనులు చేయాలి. వ్యాపార ఆదాయం లేనివారు ఏ విధానమైనా ఏటా ఎంచుకోవచ్చు కనుక, రెండు విధానాల్లోనూ పన్ను లెక్కించి తక్కువైనదానికి రిటర్ను వేయాలి. జాతీయ పింఛను పథకంలో యజమాని చెల్లించే వాటాకు కొత్త విధానంలోనూ మూల వేతనం, కరువు భత్యం మొత్తంలో 14 శాతం వరకు తగ్గింపు ఉంది కనుక, ఆ మొత్తం యజమాని ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రంలో (ఫారం 16) నమోదైందో లేదో రిటర్నుకు ముందే చూసుకోవాలి.