ఇంకు ఊది పర్కింజీ కణం గీయడం

ఇంటర్ జువాలజీ రికార్డుల్లో న్యూరాన్ (నాడీకణం) బొమ్మ ఎవరు వేసినా ఒకటే: నడుమ గుండ్రం, చుట్టూ నాలుగు కొమ్మలు, ఒక తోక. దిద్ది దిద్ది ఆ బొమ్మంటేనే నాకు విసుగొచ్చేసింది. ఇప్పుడు మా పిల్లల చేత ఇంకు ఊదించి వేయిస్తున్నాను. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో న్యూరోసైన్స్ పీహెచ్‌డీ చేసి చిత్రకారుడైన గ్రెగ్ డన్ వాడే పద్ధతుల్లో ఇదొకటి. చేత్తో గీస్తే కొమ్మలు మనకు తెలియకుండానే పద్ధతిగా వచ్చేస్తాయి. గాలికి పాకే ఇంకు ఎవరి మాటా వినదు.

మొదట, మెదడు వెనక అడుగుభాగమైన అనుమస్తిష్కంలోని పర్కింజీ కణం అనే న్యూరాన్ వేయండి. దాని డెండ్రైట్లు, అంటే కొమ్మలు, తాటాకు విసనకర్రలా ఒకే తలంలో పరుచుకుంటాయి కాబట్టి కాగితం మీద సరిగ్గా ఒదుగుతుంది.

నున్నటి మందపాటి వాటర్ కలర్ పేపరు, నల్ల వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, డ్రాపరు, సన్నటి స్ట్రా, 0.1 పెన్ను, బ్లేడు దగ్గర పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలమైనా సరే! ఇంకు ఆరిందంటే ఇక కదలదు.

కాగితం పైభాగంలో పెన్సిల్‌తో లేతగా ఒక అడ్డగీత గీయండి. అది అనుమస్తిష్కం ఉపరితలం, కొమ్మలు దాన్ని దాటకూడదు. కింద ఒక చుక్క ఇంకు వేసి (అదే కణం), స్ట్రాను దాదాపు కాగితానికి ఆనించినంత వాల్చి పైకి ఊదండి. గట్టిగా ఊదితే తుంపర్లు పడతాయి, అందుకని చిన్నచిన్నగా, ఆగి ఆగి ఊదాలి. కణం నుంచి లావుపాటి కాండం ఒకటో రెండో వస్తే చాలు. కాండం కొసన ఇంకా చిన్న చుక్క పెట్టి కుడికోసారి, ఎడమకోసారి ఊదండి. పైకి వెళ్లేకొద్దీ చుక్క తగ్గాలి, కొమ్మ సన్నబడాలి.

ఇంకు పాకుతూ ఒక కొమ్మ ఇంకో కొమ్మకు అతుక్కోవడం మామూలే. కానీ ఈ కణం తన కొమ్మల్ని తానే తప్పించుకుంటూ పెరుగుతుంది. అందుకే ఆరాక బ్లేడు కొసతో మెల్లగా గీకి ఆ అతుకు విడదీయండి. పక్కన రెండో కణం వేస్తే ఇంకా జాగ్రత్త. 1873లో వెండి రంజనం (కణాలు నల్లగా కనిపించేలా రంగు పట్టించే పద్ధతి) కనిపెట్టిన ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గాల్జీ, నాడీకణాలన్నీ ఒకే వలగా అతుక్కుని ఉంటాయన్నాడు. అదే రంజనంతో చూసి బొమ్మలు గీసిన స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్, దేనికది విడి కణమే అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. గాల్జీ తన నోబెల్ ఉపన్యాసంలోనూ కాహాల్ మాట ఒప్పుకోలేదు! 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కాహాల్ వైపే తీర్పు చెప్పింది. మీ రెండు కణాలూ అంటుకున్నాయంటే మీరు ఓడిన పక్షంలో చేరినట్టే.

ఆక్సాన్‌ను, అంటే కణం తోకను, మాత్రం ఊదకండి. కణం అడుగు నుంచి పెన్నుతో ఒకే గీత, మొదటి నుంచి చివరిదాకా ఒకే సన్నదనం. తర్వాత సన్నటి కొమ్మల మీద చిన్నచిన్న ముళ్లు పెట్టండి. 1888లో కాహాల్ కోడి అనుమస్తిష్కంలో వీటిని చూసి గీస్తే, రంజనం మరకలని చాలామంది కొట్టిపారేశారు. సినాప్సులు, అంటే ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌కు సంకేతం అందించే చోట్లు, ఎక్కువగా ఏర్పడేది ఆ ముళ్ల మీదే.

చుట్టూ ఖాళీగా కనిపిస్తోందని నింపేయకండి. గాల్జీ రంజనంలోనూ నల్లబడేవి ఏవో కొన్ని కణాలే, తక్కినవి కనబడవు. చెయ్యి ఊరుకోకపోతే ఆక్సాన్ చుట్టూ గ్రాన్యూల్ కణాలనే బుల్లి న్యూరాన్ల చుక్కలు పెట్టుకోండి. మెదడులో అన్నిటికంటే ఎక్కువున్న న్యూరాన్లు అవే కాబట్టి ఎన్ని పెట్టినా తప్పులేదు.